గాలం కబుర్లు: ఖరీదైన రీల్ కొంటే చిక్కులు పోతాయా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల, బెయిట్‌కాస్టర్ (విసిరినప్పుడు దారం చుట్టిన చక్రం కూడా తిరిగే గాలం రీల్) చిక్కుపడుతోంది ఏం చెయ్యమంటారు అని. కాబట్టి ఈసారి చేపల రేట్లు, వానపాముల పెంపకం లాంటివి పక్కన పెట్టేసి చిక్కుల సంగతే చూద్దాం.

ప్రశ్న: అన్నయ్యా, మాది పర్లాకిమిడి, స్కూల్లో టీచర్ని. ఆదివారం వస్తే మహేంద్రతనయ ఒడ్డుకో, ఓపికుంటే కాశీనగర్ వైపు వంశధార దాకానో పోయి గాలం వేస్తుంటాను. పదేళ్ళ నుంచి స్పిన్నింగ్ రీలే, ఏనాడూ ఇబ్బంది పడలేదు. ఆర్నెల్ల కింద వీడియోలు చూసి మోజుపడి 2,300 రూపాయలు పెట్టి ఒక బెయిట్‌కాస్టింగ్ రీల్ తెప్పించాను. మూడు సార్లు విసిరితే ఒకసారి పిచ్చుక గూడులాంటి చిక్కే. మొన్న ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చిక్కు తీసుకోడమే సరిపోయింది, పక్కన వెదురు కర్రతో కూచున్న ముసలాయన అయిదు చేపలు పట్టుకుని వెళ్ళిపోయాడు. మా బావమరిది విశాఖలో ఉంటాడు, పదిహేను వేలు దాటిన రీల్ కొంటే చిక్కన్న మాటే ఉండదు బావా అంటాడు. ఆ రేటు మా ఆవిడ ముందు చెప్పాలంటే గుండె ధైర్యం కావాలి. నిజం చెప్పండి, కొనమంటారా?

జవాబు: బాబూ, మీ బావమరిది సగం నిజమే చెప్పాడు. చిక్కులు తగ్గుతాయి, పోవు. పదిహేను వేల రీల్ కూడా చిక్కుపడుద్ది, నా దగ్గర ఒకటుంది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా. రెండు వేల రీల్ నుంచి అయిదారు వేల రీల్‌కి మారితే తేడా మొదటి రోజే తెలిసిపోద్ది. అక్కడ్నుంచి పదిహేను, ఇరవై వేలకి పోతే కూడా తేడా ఉంటాది గానీ అది చిక్కుల్లో కనపడేది తక్కువ, దూరం పడటంలోనూ తేలికపాటి ల్యూర్, అదే ఉత్తుత్తి ఎర, విసరడంలోనూ కనపడేది ఎక్కువ.

ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుద్ది, మీరు టీచరు కాబట్టి భరించండి. మా వీధిలో ఇప్పటికీ నాలుగైదు మగ్గాలు ఆడుతున్నాయి, బరంపురం పట్టు అంటే తెలుసు కదా. ఫ్లై షటిల్ మగ్గంలో నాడె లోపల కండె ఉంటాది చూడండి, ఆ కండె తిరగదు, దారం దాని కొసమీంచి జారుకుంటూ వచ్చేస్తది, నాడె ఆగితే దారమూ ఆగిపోద్ది. మీ పాత స్పిన్నింగ్ రీల్ అచ్చం అదే, విసిరినప్పుడు స్పూల్, అంటే దారం చుట్టుకునే చక్రం, కదలదు, లైన్, అదే గాలం దారం, అంచు మీంచి చుట్లు చుట్లుగా ఊడి పోతుంటాది, అందుకే పదేళ్ళు హాయిగా ఉన్నారు. బెయిట్‌కాస్టర్ అలాక్కాదు. అది సంక్రాంతి గాలిపటాల చరఖా లాంటిది, లైన్ పోవాలంటే స్పూల్ తిరగాలి. పటం ఊపుగా లాగుతున్నంతసేపూ చరఖా బాగానే తిరుగుతాది, పేచీలో పటం తెగిపోయిందనుకోండి, చరఖా మాత్రం వెంటనే ఆగదు కదా, పట్టుకున్న పిల్లాడి కాళ్ళ దగ్గర దారం కుప్పపడిపోద్ది. బ్యాక్‌లాష్ అంటే ఇంతే. ల్యూర్ లాగే దానికన్నా స్పూల్ ఎక్కువ జోరుగా తిరిగితే ఆ మిగులు లైన్‌కి పోయే దారి లేక స్పూల్ మీదే లేచి ఒకదాంట్లో ఒకటి దూరిపోద్ది.

ఇది మూడు చోట్ల జరుగుద్ది, మీది ఎక్కడ జరుగుతోందో చూసుకుంటే సగం రోగం అక్కడే తెలిసిపోద్ది. విసిరిన క్షణంలోనే పుటుక్కుమని ఆగి చిక్కుపడిందా, మీరు చేతిని ఒక్కసారిగా విదిలిస్తున్నారన్నమాట, స్పూల్ ఎగిరి దూకింది, ల్యూర్ ఇంకా అందుకోలేదు. సగం దారిలో పడిందా, గాలికి ల్యూర్ నెమ్మదించింది, స్పూల్ నెమ్మదించలేదు. ల్యూర్ నీళ్ళలో పడ్డాక పడిందా, మీరు బొటనవేలు పెట్టడం మర్చిపోయారు, అంతే. ఈ మూడోదాన్ని ఎంత డబ్బు పెట్టినా పూర్తిగా ఆపే రీల్ నేను చూళ్ళేదు. అమెరికాలో కెంటకీ అనే చోట జార్జ్ స్నైడర్ అని గడియారాలు బాగుచేసే ఆయన 1800ల మొదట్లో ఇలాంటి గేర్ల రీళ్ళు చేశాడు, అప్పట్నుంచి ఇప్పటిదాకా రెండొందలేళ్ళుగా మనిషి బొటనవేలే దానికి అసలు బ్రేకు.

ఇక రీల్ లోపలి బ్రేకులు. హ్యాండిల్ పక్కన గుండ్రంగా చిన్న నాబ్ ఉంటాది, అది స్పూల్‌ని రెండు వైపుల నుంచి నొక్కి పట్టే టెన్షన్ నాబ్, విసిరిన దగ్గర్నుంచి పడేదాకా ఒకేలా పట్టుద్ది. రెండో వైపు మూత మీద ఉండేది అసలు కాస్టింగ్ బ్రేకు, అది రెండు రకాలు. సెంట్రిఫ్యూగల్ అంటే లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు, స్పూల్ జోరందుకుంటే బయటకి తోసుకొచ్చి ఒక రింగ్‌కి రాసుకుంటాయి, జోరు మీద గట్టిగా పట్టి నెమ్మదించాక వదిలేస్తాయి. మాగ్నెటిక్ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, మన ఇళ్ళల్లో పాత కరెంటు మీటరు ఉండేది కదా, అద్దం వెనకాల అల్యూమినియం చక్రం తిరుగుతా, ఆ చక్రాన్ని అదుపులో పెట్టేది ఒక అయస్కాంతం, తాకదు, దగ్గర్లో ఉంటాది అంతే, చక్రం తిరిగేకొద్దీ దాంట్లో పుట్టే కరెంటే దాన్ని వెనక్కి లాగుద్ది. రీల్‌లో కూడా అదే, అల్యూమినియం స్పూల్, పక్కన అయస్కాంతాలు. నేను ముప్పై ఏళ్ళు మోటార్ వైండింగ్ షాపు నడిపిన వాణ్ణి, మొదటిసారి రీల్ మూత విప్పి చూసి ఇదా సంగతి అని నవ్వుకున్నా.

ఇప్పుడు మీ పదిహేను వేలు ఎక్కడికి పోతాయో చూద్దాం. ఒకటి, స్పూల్ బరువు. మంచి రీల్‌లో స్పూల్ పలచగా, తేలిగ్గా, లోతు తక్కువగా ఉంటాది, తేలికైన చక్రం ఊరికే తిరుగుద్ది, ఊరికే ఆగుద్ది, ల్యూర్ చెప్పిన మాట వింటాది. చవక రీల్‌లో స్పూల్ లోతుగా బరువుగా ఉంటాది, పైగా మనం ఎందుకొచ్చిన గొడవని రెండొందల మీటర్ల లావు లైన్ నిండా చుట్టేస్తాం, అది బండి చక్రంలాగ ఒకసారి ఊపందుకుంటే ఆగదు. రెండు, బ్రేకు నిలకడ. చవకదాంట్లో డయల్ 1 నుంచి 10 దాకా ఉంటాది, 6 దాకా తిప్పినా ఏం తేడా తెలీదు, 7 దగ్గర ఒక్కసారిగా పట్టేస్తది. మంచిదాంట్లో ఒక్క గీత తిప్పితే ఒక్క గీత తేడా. మూడు, అమరిక. స్పూల్ అంచుకీ ఫ్రేముకీ మధ్య సందు, అది సరిగ్గా లేకపోతే సన్న లైన్ ఆ సందులోంచి వెనక్కి జారి గేర్ల వైపు దూరిపోద్ది, అది చిక్కు కాదు, ఆపరేషనే, రీల్ మొత్తం విప్పాలి. ఇవన్నీ నిజమైన తేడాలు, డబ్బుకి తగ్గవే, కాదన్ను.

కాకపోతే ఒక మెలిక. ఖరీదైన రీల్ స్పూల్ స్వేచ్ఛగా తిరిగేలా చేస్తారు, దూరం పడాలని. అంటే బ్రేకు సరిగ్గా పెట్టుకోకపోతే చవక రీల్ కన్నా ఘోరంగా చిక్కుపడేది అదే. నా కథే చెప్తా. సూరత్‌లో ఉండే మా మేనల్లుడు ఓసారి వస్తా వస్తా పదహారు వేల రీల్ పట్టుకొచ్చాడు, మావయ్యా నీకే అని. ఏ కంపెనీ అని అడక్కండి, తప్పు కంపెనీది కాదు, నాది. పెట్టె విప్పిన అరగంటకి గోపాల్‌పూర్ బీచ్‌లో ఉన్నా. పాత రీల్ అలవాటు కొద్దీ బ్రేకు సగానికి దించేసి, సాయంత్రం పూట, సముద్రం మీంచి ఎదురుగాలి మొహాన కొడుతుంటే, సినిమా హీరో లెవెల్లో ఒక్క విసురు విసిరా. బుర్రుమని ఒక చప్పుడు, తర్వాత ఏం లేదు, ల్యూర్ తెగి సముద్రంలోకి పోయింది, స్పూల్ మీద కొత్త బ్రెయిడ్, అదే పోగులు అల్లిన లైన్, పీచుమిఠాయిలాగ లేచి నిలబడింది. వల బాగుచేసుకుంటున్న జాలారి కుర్రాడు ఒకడు దగ్గరికొచ్చి చూసి, ఏటి బాబూ ఇది, దీన్ని మా అమ్మకియ్యండి తల్లో పెట్టుకుంటాది, అన్నాడు. ఆ లైన్ మొత్తం కోసి పారేశా, ఆ రోజు రీల్ ఖరీదు కన్నా ఆ మాటే ఎక్కువ బాధేసింది.

కాబట్టి నా సలహా ఏంటంటే, కొత్తది కొనే ముందు ఒక నెల్లాళ్ళు మీ 2,300 రీల్‌కే పరీక్ష పెట్టండి. మీ స్కూలు గ్రౌండు ఉంది కదా, నీళ్ళ దగ్గరికి అసలు పోవద్దు. ఇనప కొట్లో ఒక నట్టు తీసుకుని కంసాలి దగ్గర తూకం వేయించండి, 14, 15 గ్రాములు ఉండాలి, లైన్‌కి అదే కట్టండి. చాలామంది కొత్తల్లో 5 గ్రాముల ల్యూర్‌తో మొదలెట్టి రీల్‌ని తిడతారు, మామూలు బెయిట్‌కాస్టర్‌కి అంత తేలిక ల్యూర్ స్పూల్‌ని తిప్పలేదు, మనం బలమంతా పెట్టి విసురుతాం, చిక్కుపడుద్ది. అంత తేలికవాటికి మీ స్పిన్నింగ్ రీలే మహారాజు. మీ రాడ్ మీద కూడా ఎంత బరువు ల్యూర్ వెయ్యాలో రాసుంటాది, ఒకసారి చదవండి.

లైన్ 100 మీటర్లు మించి వద్దు, మనం ఎంత విసిరినా 40, 50 మీటర్లే కదా పడేది. నిండా అంచు దాకా చుట్టకుండా రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచండి. నేర్చుకునేటప్పుడు మోనోనే, అంటే ఒంటిపోగు నైలాన్ లైనే, బలం 12 పౌండ్లు, 14 పౌండ్లు, బ్రెయిడ్ జోలికి పోకండి. ఇప్పుడు రాడ్ చివర నట్టు వేలాడదీసి, బొటనవేలు స్పూల్ మీద ఉంచి, స్పూల్‌ని వదిలేసే రిలీజ్ బటన్ నొక్కండి, వేలు తియ్యండి. నట్టు బావిలోకి చేద దిగినట్టు మెల్లగా దిగాలి, నేలకి తగిలిన వెంటనే స్పూల్ ఆగిపోవాలి. ఆగకుండా ఇంకో చుట్టు తిరిగితే టెన్షన్ నాబ్ కాస్త బిగించండి. పక్క బ్రేకు పదికి ఎనిమిది మీద పెట్టండి. విసరడం చెయ్యి పక్కనుంచి, తాపీగా, గుండ్రంగా, రాడ్ బరువే విసరాలి గానీ మీ భుజం కాదు. నట్టు ఎగిరాక స్పూల్ మీద వేలు ఆనీ ఆననట్టు, అరచేతిలో పిచ్చుక పిల్లని పట్టుకున్నట్టు, నేలకి తాకబోయే ముందు గట్టిగా నొక్కెయ్యాలి. దూరం చూడకండి, పది మీటర్లు పడినా చాలు. ఇరవై విసుర్లు చిక్కు లేకుండా పడ్డాక బ్రేకు ఒక గీత తగ్గించండి, మళ్ళీ ఇరవై.

నెల తర్వాత కూడా బ్రేకు ఎంత బిగించినా పని చెయ్యట్లేదు, స్పూల్ అటూ ఇటూ ఊగుతోంది, లైన్ వెనక్కి దూరుతోంది అంటే అప్పుడు రీల్‌దే తప్పు, అప్పుడు కొనండి, అయిదారు వేలల్లో పేరున్న కంపెనీది, షిమానో, డైవా, అబూ గార్సియా ఏదైనా. పదిహేను వేలు ఇప్పుడొద్దు. మీ ఆవిడకి కూడా నేనే వద్దన్నానని చెప్పండి, మీకు మంచి పేరు, నాకూ మంచి పేరు.

ప్రశ్న: మాస్టారూ, గుణుపురం నుంచి రాస్తున్నా. నేను డీసీ రీలే కొన్నాను, అందులో కంప్యూటర్ ఉంటాదట, సెకనుకి వెయ్యి సార్లు చూసుకుంటాదట. అయినా చిక్కుపడుతోంది. మోసపోయానా?

జవాబు: మోసం లేదు తమ్ముడూ. షిమానో వాళ్ళ డీసీ అంటే డిజిటల్ కంట్రోల్, స్పూల్ తిరిగితేనే దాని కరెంటు దానికి పుట్టుద్ది, బ్యాటరీ అక్కర్లేదు, ఆ చిప్ స్పూల్ జోరు కొలుస్తా ఎప్పటికప్పుడు బ్రేకు వేస్తా వదుల్తా ఉంటాది, విసిరినప్పుడు కీచుమని ఒక సన్న ఈల వినిపిస్తది చూడు, అదే. అది మంచి సరుకే, కొత్తవాళ్ళకి బాగా పనికొస్తది, సగం దారిలో పడే చిక్కుల్ని నిజంగానే తగ్గిస్తది. కానీ దానికి కళ్ళు లేవు కదా. ల్యూర్ చెట్టుకొమ్మకి తగిలి ఆగిపోయింది, నీళ్ళలో పడింది, ఎదురుగాలి ఒక్కసారి కొట్టింది, ఇవి దానికి ముందుగా తెలీవు, స్పూల్ చుట్లే తెలుసు.

నువ్వు మూడు చూసుకో. మోడ్ ఏది పెట్టావు, కొన్ని డీసీ రీళ్ళలో లైన్ రకాన్ని బట్టి కూడా సెట్టింగ్ మార్చాలి, నువ్వు బ్రెయిడ్ చుట్టి అది నైలాన్ మీద ఉంటే దాని లెక్క తప్పుద్ది, పెట్టెలో వచ్చిన కాగితం పారెయ్యకుండా ఉంటే చదువు. రెండు, టెన్షన్ నాబ్ పూర్తిగా వదిలేశావేమో, కంప్యూటర్ ఉంది కదా అని అందరూ చేసే పనే ఇది. మూడు, బొటనవేలు. కంప్యూటర్ వచ్చాక వేలు మానేసినవాళ్ళే ఎక్కువ చిక్కులు పడుతున్నారు, నేను చూసిన మేరకి.

అవునూ, సముద్రం దగ్గర వాడుతుంటే ఉప్పు జాగ్రత్త. ఇంటికొచ్చాక డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్ ఎంత బిగువు మీద వదలాలో పెట్టుకునే చక్రం, బిగించి మంచినీళ్ళు పైపైన పోసి తుడిచి నీడలో ఆరబెట్టు, కుళాయి కింద జోరుగా పెట్టకు, ఆ జోరుకి పైనున్న ఉప్పూ ఇసకా లోపలికి పోతాయి.

ప్రశ్న: బాబాయ్ గారూ, బరంపురంలో డిగ్రీ చదువుతున్నా. మా నాన్నగారి రీల్ తీసుకెళ్ళి చిక్కు చేశాను, ఆయనకి తెలీకుండా ఎలా తియ్యాలి? అక్క సూదితో లాగుదాం అంటోంది.

జవాబు: సూది, పిన్నీసు, కత్తెర మూడూ అక్క దగ్గర్నుంచి లాక్కో అమ్మా ముందు. సూదితో లాగితే లైన్ గీసుకుపోయి రేపు పెద్ద చేప పడ్డప్పుడు అక్కడే తెగుద్ది, అప్పుడు నాన్నగారికి మొత్తం తెలిసిపోద్ది.

ఇలా చెయ్యి. హ్యాండిల్ దగ్గర నక్షత్రం ఆకారంలో ఉండే డ్రాగ్ పూర్తిగా బిగించు. రిలీజ్ నొక్కి లైన్ మెల్లగా లాగు, ఎక్కడ అడ్డుపడిందో అక్కడ ఆపెయ్, బలవంతం చెయ్యకు. ఇప్పుడు బొటనవేలితో స్పూల్ మీదున్న ఆ చిక్కుని గట్టిగా అదిమి పట్టు, బాగా గట్టిగా, అలా అదుముతూనే హ్యాండిల్ ఒకటి రెండు చుట్లు ముందుకి తిప్పు. లైన్ చుట్లు వేలి కింద నుంచి నలుగుతా సర్దుకుంటాయి. మళ్ళీ రిలీజ్ నొక్కి లాగు. ఇంకొంచెం వస్తది, మళ్ళీ ఆగుద్ది, మళ్ళీ అదిమి తిప్పు. మూడు నాలుగు సార్లకి చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి, నమ్మబుద్ధి కాదు గానీ నిజం. చిక్కు అంటే మనం ముడి అనుకుంటాం, అది ముడి కాదు, ఒక చుట్టు ఇంకో చుట్టు కిందకి దూరి ఇరుక్కుంది అంతే, ముడి చేసేది మన తొందర. మా నాయనమ్మ పట్టుదారం చిక్కు తీసేటప్పుడు పిల్లల్ని ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు, లాగితే బిగుస్తది వదిలితే విడుస్తది అనేది.

అంతా విడిపోయాక ఇంకో పని ఉంది, అందరూ మానేసేది ఇదే. లైన్ చివర గేటుకో చెట్టుకో కట్టి, నడుచుకుంటూ వెనక్కి పోయి, చిక్కుపడ్డ చోటు దాటేదాకా లైన్ వదిలి, మళ్ళీ రెండు వేళ్ళ మధ్య పట్టి బిగుతుగా చుట్టుకుంటూ రా. వదులుగా చుట్టేస్తే తర్వాత విసురుకే మళ్ళీ గూడు. చుట్టేటప్పుడు తెల్లగా నలిగిన చోటు, గోరుకి గరుగ్గా తగిలే చోటు ఉంటే మాత్రం నాన్నగారికి చెప్పేసెయ్, దాచకు.

ఇంకో చిట్కా, మళ్ళీ ఆ రీల్ ముట్టుకుంటావు ఎలాగూ: ఎంత దూరం విసరగలవో అంతకి కొంచెం ఎక్కువ లైన్ బయటకి లాగి, స్పూల్ మీద మిగిలిన లైన్‌కి అడ్డంగా ఒక టేప్ ముక్క అంటించి, పైన లైన్ చుట్టుకో. చిక్కుపడినా ఆ టేప్ కిందకి దిగదు. చేప పడితే మాత్రం టేప్ దగ్గర ఆగిపోద్ది, కాబట్టి నేర్చుకునేటప్పుడే.

ప్రశ్న: రాయగడ నుంచి. 18 బేరింగులు ఉన్న రీల్ మూడు వేలకే వస్తోంది, పేరున్న కంపెనీది 6 బేరింగులే, దానికి డబుల్ రేటు. ఏది చిక్కుపడదు?

జవాబు: బేరింగుల లెక్కకీ చిక్కుకీ పెద్దగా చుట్టరికం లేదు. స్పూల్‌కి రెండు వైపులా ఉండే రెండు మంచివైతే చాలు, మిగతా పదహారూ హ్యాండిల్ పిడిలో, ఎక్కడ సందుంటే అక్కడ కూరేసినవి. గేర్ నిష్పత్తి 7.1 అనీ 8.1 అనీ రాస్తారు చూడండి, అది లైన్ ఎంత జోరుగా వెనక్కి చుట్టుకుంటాదో చెప్పే లెక్క, విసిరేటప్పుడు గేర్లు విడిపోయే ఉంటాయి, దానికీ చిక్కుకీ సంబంధం లేదు.

ప్రశ్న: అన్నా, ఛత్రపురం దగ్గర తంపర సరస్సులో కొరమేను కోసం రబ్బరు కప్ప వేస్తుంటాను, 50 పౌండ్ల బ్రెయిడ్. రీల్ మంచిదే, ఏడు వేలు. మామూలుగా బాగానే ఉంటాది, కానీ ఒక్కోసారి ఉన్నట్టుండి విసురు మధ్యలో ఠక్కున ఆగి కప్ప తెగి ఎగిరిపోతోంది. రెండు కప్పలు పోయాయి, ఒక్కోటి మూడొందలు.

జవాబు: తమ్ముడూ, ఆ ఆగిన విసురుకి ముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. నాచులోనో తామర కాడల్లోనో కప్ప ఇరుక్కుంది, నువ్వు రాడ్ పట్టుకుని బలంగా లాగావు, వచ్చేసింది, మళ్ళీ విసిరావు. అవునా? అలా లాగినప్పుడు బ్రెయిడ్ సన్నంగా ఉంటాది కదా, స్పూల్ మీదున్న వదులు చుట్ల మధ్యలోకి కత్తిలాగ కోసుకుని దిగిపోద్ది. తర్వాత విసిరితే లైన్ అక్కడిదాకా వచ్చి రానంటాది, స్పూల్ ఆగుద్ది, కప్ప ఆగదు. ఏడు వేలు కాదు డెబ్భై వేల రీల్ అయినా ఇదే కథ.

ఇరుక్కుంటే రీల్‌తో లాగకు. లైన్‌ని ఒక కర్రముక్కకి నాలుగు చుట్లు చుట్టి దాంతో లాగు, ఉత్త చేతికి మాత్రం చుట్టుకోకు, ఎముక దాకా కోసేస్తది. ఒకవేళ రాడ్‌తోనే లాగేశావనుకో, విసిరే ముందు ఆ చోటు దాటేదాకా చేత్తో లైన్ లాగి మళ్ళీ బిగుతుగా చుట్టుకో, రెండు నిమిషాల పని. బ్రెయిడ్ కింద కొంచెం మోనో చుట్టి మొదలెట్టావా? నున్నటి స్పూల్ మీద నేరుగా బ్రెయిడ్ చుడితే మొత్తం చుట్ట చుట్టగా జారి తిరుగుద్ది, పెద్ద కొరమేను లాగినప్పుడు డ్రాగ్ పోయిందేమో అనిపిస్తది, పోలేదు. తంపర రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, ఉన్న సరస్సు, పైగా చేపల మీద బతికే ఊళ్ళున్నాయి చుట్టూ, ఎక్కడ వెయ్యొచ్చో ఎక్కడ కూడదో అక్కడి వాళ్ళని అడిగే వెయ్యి.

ప్రశ్న: మాది గంజాం. ఇది రీల్ గురించి కాదు, మా వారి గురించి. చిక్కుపడ్డ నైలాన్ అంతా కోసి అక్కడే ఇసకలో పడేసి వస్తారు, ఋషికుల్య దగ్గర. చెప్తే వినరు, మీరు చెప్తే వింటారేమో, మీ శీర్షిక వదలకుండా చదువుతారు.

జవాబు: చెల్లెమ్మా, ఈ పేజీ ఆయన ముందు తెరిచి పెట్టు. బావగారూ, ఋషికుల్య మొగ దగ్గర, పురుణబంధ, గోఖరకుడ, పొడంపేట వైపు ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలల్లో వచ్చి గుడ్లు పెట్టి పోతాయి, మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో. వాటి కోసమే నవంబర్ 1 నుంచి మే 31 దాకా అక్కడ సముద్రంలో 20 కిలోమీటర్ల దాకా చేపలవేట నిషేధం పెడుతున్నారు, వేటే బతుకైన వాళ్ళే పడవలు ఆపుకుంటున్నారు. ఆ నెలల్లో ఒడ్డు మీంచి గాలం వెయ్యాలన్నా ముందు ఫారెస్ట్ వాళ్ళనో ఫిషరీస్ వాళ్ళనో అడగండి. మీరు పడేసిన ఆ నైలాన్ గూడు ఏళ్ళ తరబడి కుళ్ళదు, తాబేలు కాలికి చుట్టుకుంటే దానికి బొటనవేలు లేదు విడదీసుకోడానికి. ఒక పాత వాటర్ బాటిల్ సంచిలో పడేసుకోండి, కోసిన ముక్కలన్నీ దాంట్లోకి కుక్కుకుని ఇంటికి తెచ్చుకోండి. అయినా బావగారూ, ఒక్క సీజన్‌లో బాటిల్ నిండేంత లైన్ కోస్తున్నారంటే బ్రేకు ఎంత మీద పెడుతున్నారో నాకు ఒక ఉత్తరం రాయండి.